వాటర్‌షెడ్ ప్లానుకి గ్రాంటు తెచ్చుకోవడం ఎలా: ఊరి నుంచి నాబార్డు దాకా

వాటర్‌షెడ్ (ఒక వాగులోకి నీళ్లు పారే నేలంతా) పనులకి డబ్బు ఇచ్చే చోట్లు తక్కువేమీ లేవు. దరఖాస్తు తిరిగి రావడానికి చాలాసార్లు కారణం భాష బాగోకపోవడం కాదు, దాని వెనక ఊరు లేకపోవడం. ఊరి పేరు మార్చి ఎక్కడైనా వాడుకోగలిగేలా ఉన్న రిపోర్టుని పరిశీలించే అధికారి రెండు పేజీల్లోనే పట్టేస్తాడు. అదే సర్వే నంబరు వారీగా ఎవరి చెలకలో ఎన్ని మీటర్ల గట్టు పడుతుంది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అని రాసి ఉంటే పదిహేను పేజీలైనా నిలబడుతుంది. అందుకే ఇక్కడ దరఖాస్తు రాయడం గురించి తక్కువ, దానికి ముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతున్నాను.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకీ, ఊరి నీళ్ల గురించి పట్టించుకునే సర్పంచులకీ, వార్డు సభ్యులకీ ఉద్దేశించింది.

ఏ నిధి దగ్గరికి వెళ్లాలి

ప్రధానంగా మూడు దారులున్నాయి. నా ఉద్దేశంలో కొత్తవాళ్లకి నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) దారి మేలు. నాబార్డు దగ్గర వాటర్‌షెడ్ డెవలప్‌మెంట్ ఫండ్ అని ఒకటి ఉంది. 1999-2000 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఈ నిధి, కేంద్రం వంద కోట్లు, నాబార్డు వంద కోట్లు వేస్తే 200 కోట్లతో మొదలైంది. మహారాష్ట్రలో జర్మనీ సాయంతో నడిచిన ఇండో-జర్మన్ వాటర్‌షెడ్ కార్యక్రమం అనుభవం దీనికి పునాది. ఆ కార్యక్రమమే తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్, కరీంనగర్, మెదక్, వరంగల్ జిల్లాల్లోనూ నడిచింది. మీది ఆ పక్క ఊరైతే అప్పటి ఊరి వాటర్‌షెడ్ కమిటీ సభ్యులు ఎవరైనా దగ్గర్లో ఉన్నారేమో వాకబు చేయండి. వాళ్లతో ఒక పూట కూర్చుంటే ఏ శిక్షణలోనూ చెప్పని సంగతులు తెలుస్తాయి.

నాబార్డు డబ్బు దశల వారీగా ఇస్తుంది. మొదట సామర్థ్య నిర్మాణ దశ. సుమారు వంద హెక్టార్లలో పని చేసి చూపించాలి, కమిటీ నిలబడాలి, ఊరు నేర్చుకోవాలి. ఈ దశలోనే మొత్తం వాటర్‌షెడ్‌కి ప్లాను తయారవుతుంది. అది సాధ్యాసాధ్యాల నివేదికగా వెళ్లి ఆమోదం పొందాక పూర్తి స్థాయి అమలు దశ మొదలవుతుంది. అంటే కోట్ల ప్రాజెక్టు ముందే రాయక్కర్లేదు, ప్లాను వేసుకోవడానికే డబ్బు అడగవచ్చు. ఇంజినీర్లని జీతానికి పెట్టుకోలేని సంస్థకి ఇది పెద్ద ఊరట.

రెండోది ప్రభుత్వ పథకం, ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలోని వాటర్‌షెడ్ విభాగం. దీని రెండో విడతని 2021-22 నుంచి 2025-26 వరకు మంజూరు చేశారు. ఆ విడతలో మైదాన ప్రాంతంలో హెక్టారుకి 22,000 రూపాయలు, కొండ ప్రాంతాలకీ కష్టమైన ప్రాంతాలకీ 28,000. మన రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. దీనికి మీరు నేరుగా దరఖాస్తు పెట్టలేరు. ప్రాంతాల్ని రాష్ట్ర స్థాయి నోడల్ ఏజెన్సీ ఎంపిక చేస్తుంది, జిల్లా స్థాయిలో ఆంధ్రలో డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ), తెలంగాణలో డీఆర్‌డీఓ (జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయం) చూస్తాయి. అయినా ముందు ఆ ఆఫీసుకి వెళ్లి తీరాలి. మీ ఊరు ఇప్పటికే మంజూరైన ప్రాజెక్టులో ఉందేమో అడగాలి. ఉంటే అదే నేల మీద వేరే నిధి అడగడం దండగ, ఒకే గట్టుకి ఇద్దరు డబ్బివ్వరు. అలాంటప్పుడు ఆ ప్రాజెక్టు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తయారయ్యే గ్రామసభలో కూర్చుని మీ ఊరి పనులు అందులో పడేలా చూసుకోవడమే తెలివైన పని.

ఈ డీపీఆర్ సంగతి ఒకటి చెప్పాలి. వాటర్‌షెడ్ ప్రాజెక్టులకి కేంద్రం 2008లో ఇచ్చిన ఉమ్మడి మార్గదర్శకాల్లో డీపీఆర్ తయారీకి కేటాయించింది ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం. అప్పటి మైదాన ప్రాంతపు రేటు హెక్టారుకి 12,000 రూపాయలు. ఆ లెక్కన 5,000 హెక్టార్ల ప్రాజెక్టుకి ఆరు కోట్లు వస్తే, ప్లానుకి దక్కేది ఆరు లక్షలు, హెక్టారుకి 120 రూపాయలు. అంత నేల నడిచి, ప్రతి రైతుతోనూ మాట్లాడి, మ్యాపు గీసి, ఎస్టిమేటు వేయడానికి ఇంతే! కాపీ కొట్టిన డీపీఆర్‌లు ఎందుకు పుడతాయో వేరే చెప్పక్కర్లేదు. ప్లానుకి విడిగా డబ్బు సంపాదించుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మూడోది సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. నేల, నీరు, సహజ వనరుల సంరక్షణ ఆ జాబితాలో ఉంది. మీ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీయో, మందుల కంపెనీయో, సోలార్ ప్లాంటో ఉంటే అడగవచ్చు. కంపెనీలు ఫొటోకి కనిపించే చెక్‌డ్యాం ఇష్టపడతాయి, ప్లాను వేయడానికి డబ్బంటే వెనకాడతాయి. కాబట్టి నాబార్డు సాయంతో ప్లాను తయారు చేసుకుని, అందులోంచి రెండు మూడు పనులు విడగొట్టి కంపెనీకి చూపించడం నడిచే పద్ధతి.

అమెరికాలో ఉన్న మన ఊరి వాళ్లు డబ్బు పంపుతామంటే కాస్త జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది. అప్పుడు మీ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాల్సిందే.

కాగితాలు ముందే సర్దుకోండి

దరఖాస్తు చివర్లో వీటికోసం పరిగెత్తితే టెన్షన్ తప్పదు. సొసైటీ అయితే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు పత్రం, ఏటా దాఖలు చేయాల్సిన కార్యవర్గ జాబితా, బైలాలు, పాన్, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు. సీఎస్‌ఆర్ కోసమైతే కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా వచ్చే నంబరు, మూడేళ్ల పని అనుభవం కూడా కావాలి.

వీటిలో ఎక్కువమంది ఇరుక్కునేది కార్యవర్గ జాబితా దగ్గర. రిజిస్ట్రార్ ఆఫీసులో ఏళ్ల తరబడి దాఖలు చేయకపోతే పాత ప్రెసిడెంటు పేరే ఉంటుంది, బ్యాంకులో సంతకాలు వేరేవాళ్లవి ఉంటాయి. అది సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. ఈ రోజే చూసుకోండి.

మీ సంస్థకి ఇంత చరిత్ర లేకపోతే సిగ్గుపడక్కర్లేదు. అనుభవం ఉన్న సంస్థని అమలు సంస్థగా పెట్టుకుని, మీరు ఊరి పని చూసుకోవచ్చు. ఎవరి బాధ్యత ఏమిటో, డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుందో ఒప్పందం రాసుకోండి.

వాటర్‌షెడ్‌ని ఎంచుకోవడం

వాటర్‌షెడ్ హద్దు గ్రామం హద్దు కాదు. వాన నీళ్లు అటూ ఇటూ చీలిపోయే మిట్టే దాని హద్దు. ఒక వాగు దగ్గర నిలబడి చూస్తే, ఆ చోటికి ఎక్కడెక్కడి నుంచి నీళ్లు వస్తాయో అదంతా దాని పరీవాహకం. మైక్రో వాటర్‌షెడ్ అంటే మామూలుగా 500 నుంచి 1,000 హెక్టార్లు. అందులోకి రెండు మూడు ఊళ్ల నేల రావచ్చు. నాబార్డు ప్రాజెక్టుకి వెయ్యి హెక్టార్లకి అటూ ఇటూగా, ఒకే వాగుకి చెందిన నేల దొరికితే సులువు.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు 1:50,000 స్కేలువి వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో దొరుకుతాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడిపే భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసుకోవచ్చు. టోపోషీటులో కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) మామూలుగా 20 మీటర్ల ఎత్తుకి ఒకటి. మన చెలకల్లోని వాలు ఆ గీతల మధ్యే మాయమైపోతుంది. కాబట్టి మ్యాపు మీద గీసిన హద్దుని కాలినడకన సరిచూసుకోవాల్సిందే. గొర్రెలు కాచే పెద్దాయన ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఏ గుట్ట మీద పడ్డ వాన ఎటు పోతుందో ఆయనకి తెలిసినంత బాగా ఏ ఉపగ్రహానికీ తెలియదు. నీళ్లు చీలే ఆ మిట్ట గీత (రిడ్జి లైను) మొత్తం జీపీఎస్ ఆన్ చేసి నడవండి. ఆ ట్రాకే మీ మ్యాపుకి మొదటి సాక్ష్యం.

ఎంపికలో నాబార్డు చూసేవి: వర్షాధార సాగు ఎక్కువగా ఉండాలి, నేల కోత కనిపించాలి, ఊరు కలిసి రావాలి, వేరే పథకం అప్పటికే ఆ నేల మీద ఉండకూడదు. జిల్లా స్థాయిలో నాబార్డు డిస్ట్రిక్ట్ డెవలప్‌మెంట్ మేనేజర్ ఉంటారు, అందరూ డీడీఎం అంటారు. పెద్ద రిపోర్టు పట్టుకెళ్లకుండా ముందు రెండు పేజీల నోటు, ఒక మ్యాపుతో ఆయన్ని కలవండి. ప్రస్తుతం హెక్టారుకి ఎంత ఇస్తున్నారు, ఈ ఏడాది జిల్లాకి కొత్త ప్రాజెక్టులు ఉన్నాయా, ఏ ఫార్మాట్‌లో అడుగుతున్నారు, ఇవి మూడూ ఆయన దగ్గరే తెలుసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఫార్మాట్ నింపుకుని వెళితే మొదటి నుంచి మళ్లీ రాయాల్సి వస్తుంది.

ఇక మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు చెరువులు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చెరువులు గొలుసుగా ఉంటాయి, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకి నీళ్లు. పైన చెక్‌డ్యాంలు కట్టేస్తే కింది చెరువు ఆయకట్టుదారులు గొడవకి వస్తారు, వాళ్ల భయం న్యాయమైనదే. కాబట్టి మీ వాటర్‌షెడ్ కింద ఏ చెరువు ఉంది, గత పదేళ్లలో అది ఎన్నిసార్లు నిండి అలుగు పారిందో కింది ఊరివాళ్లని అడిగి రాసుకోండి. అలుగు పారడమే అరుదైతే వాగు మీద పెద్ద కట్టడాల జోలికి పోకుండా నేలలో తేమ నిలిపే పనులకే ప్లాను పరిమితం చేయండి. ఈ ఒక్క పేరా మీ దరఖాస్తులో ఉంటే పరిశీలకుడికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఊరు ఒప్పుకోవడం అంటే ఏమిటి

గ్రామసభ తీర్మానం ఒక కాగితం. అది కావాలి, కానీ చాలదు. నాబార్డు పద్ధతిలో ఊరు తన ఇష్టాన్ని శ్రమదానంతో చూపించాలి. ఇంటికొకరు చొప్పున నాలుగు రోజులు వచ్చి ఏదో ఒక పని చేయడం ఇండో-జర్మన్ కార్యక్రమం నుంచి వచ్చిన ఆనవాయితీ. అమలులో కూడా నైపుణ్యం అక్కర్లేని కూలీ ఖర్చులో 16 శాతం దాకా ఊరి వాటాగా వస్తుంది. ప్రభుత్వ పథకం లెక్క వేరు. 2008 మార్గదర్శకాల్లో సొంత భూమిలో చేసే పనులకి రైతు వాటా 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులకి 5 శాతం అని పెట్టారు.

శ్రమదానానికి ఎక్కువ కూలీలే వచ్చి, భూములున్నవాళ్లు గట్టు మీద నిలబడి చూస్తే ఆ ఊళ్లో ప్రాజెక్టు నిలవదు. గట్టు పడేది పొలమున్నవాడి నేలలో, లాభం వాడిది. భూమిలేనివాళ్ల శ్రమ ఉచితంగా తీసుకుని పొలాలు బాగుచేయడం అన్యాయం. దీనికి దారి మొదటి మీటింగులోనే తేల్చుకోండి: శ్రమదానం భూమి ఉన్న ఇళ్ల బాధ్యత, ఎకరాల్ని బట్టి. భూమిలేనివాళ్లకి మాత్రం పూర్తి కూలీ.

తర్వాత కష్టమైనది మేత. గుట్ట మీద కందకాలు తవ్వి గడ్డి పెంచాలంటే కొన్నాళ్లు పశువుల్ని రానివ్వకూడదు. గొర్రెలు, మేకలున్న కుటుంబాలకి ఇది బతుకు సమస్య. వాళ్లు లేకుండా తీర్మానం చేస్తే మూడో నెలకే కంచె దాటి మందలు వస్తాయి. గుట్టని మూడు ముక్కలు చేసి, ఏడాదికి ఒక ముక్క మూసి మిగతా రెండూ తెరిచి ఉంచుతామని వాళ్లతోనే ఒప్పందం రాయించుకోండి. కోసుకుపోయే గడ్డి మీద మొదటి హక్కు వాళ్లకివ్వండి.

గ్రామ వాటర్‌షెడ్ కమిటీలో పేరుకి ఇద్దరు ఆడవాళ్లని వేసి సంతకాలు ఇంటికి పంపించి పెట్టించుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. పొదుపు సంఘాల లీడర్లని వేయండి. లెక్కలు రాయడం, బ్యాంకుకి వెళ్లడం, మీటింగు మినిట్స్ పెట్టడం వాళ్లకి అలవాటైన పని. కమిటీ ఖాతాకి సంతకందారుగా వాళ్లలో ఒకరుండాలని పట్టుబట్టండి.

గిరిజన ప్రాంతమైతే పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం గ్రామసభ మాటకి బరువెక్కువ, ఆ తీర్మానం గూడెం స్థాయిలో జరగాలి.

నెట్ ప్లానింగ్: అసలు పని ఇక్కడే

వాటర్‌షెడ్‌లోని ప్రతి సర్వే నంబరుకీ వెళ్లి, ఆ నేల మీద నిలబడి, ఆ రైతుతో కలిసి అక్కడ ఏం చేయాలో నిర్ణయించుకోవడాన్ని నెట్ ప్లానింగ్ అంటారు. భార్యాభర్తలిద్దరూ పొలం దగ్గర ఉండాలన్నది ఇందులో నియమం. పశువుల మేత, కట్టెలు, చెట్ల గురించి ఆమె చెప్పేది ఆయన చెప్పడు. వెయ్యి హెక్టార్లంటే నెలల తరబడి సాగే పని. ఇద్దరు చదువుకున్న ఊరి కుర్రాళ్లకి గౌరవ వేతనం ఇచ్చి చేయించండి, దరఖాస్తులో ఆ ఖర్చు అడగండి.

ముందుగా రెవెన్యూ రికార్డులు: ఆంధ్రలో మీభూమి నుంచి అడంగల్, 1-బి, తెలంగాణలో భూభారతి నుంచి పట్టా వివరాలు, రెండు చోట్లా పొలం కొలతల స్కెచ్‌లు (ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్). రీసర్వే అయిన ఆంధ్ర గ్రామాల్లో పాత సర్వే నంబరు పక్కన కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు కూడా రాసుకోండి, లేకపోతే తర్వాత బిల్లులప్పుడు తలనొప్పి.

పొలంలో ఒక్కో నంబరుకి ఒక్కో షీటు. పట్టాదారు పేరు, సాగు చేసేవాడి పేరు, విస్తీర్ణం, నేల రకం, లోతు, వాలు, ఇప్పుడు వేసే పంట, కోత ఎక్కడ పడుతోంది, రైతు ఏం కావాలంటున్నాడు, మీరేం సూచించారు, చివరికి దేనికి ఒప్పుకున్నాడు, కొలతలు, సంతకాలు. రైతు అడిగింది, మీరు సూచించింది విడివిడిగా రాయడం ముఖ్యం. రెండూ ప్రతి షీటులోనూ ఒకేలా ఉంటే ఎవరూ అడగలేదని అర్థం.

పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు, సాగు చేసేది కౌలు రైతు. గట్టుకి ఒప్పుకోవాల్సింది ఒకరు, శ్రమదానం చేయాల్సింది ఇంకొకరు. కౌలు ఏడాదికోసారి మారితే కౌలు రైతు ఆ నేల మీద ఎందుకు చెమటోడుస్తాడు? పట్టాదారుకి ఫోన్ చేసి, గట్టు వేశాక కనీసం మూడేళ్లు అదే రైతుకి కౌలు కొనసాగిస్తానని షీటు మీద సంతకం పెట్టమనండి. పెట్టకపోతే ఆ వాటా డబ్బు పట్టాదారే కట్టాలి. అసైన్డ్ భూములు, పోరంబోకు, అటవీ హద్దులు వేరే రంగుల్లో గుర్తించండి. గుట్ట పైభాగం అటవీ శాఖదైతే వాళ్ల అనుమతి లేకుండా ఒక్క కందకం కూడా ప్లానులో చూపకండి. ఊళ్లో వన సంరక్షణ సమితి ఉంటే దాని ద్వారా అడగడం తేలిక.

పని ఎంపికలో నేల మాట వినండి. ఎర్రచెలకల్లో గట్లు బాగా పనిచేస్తాయి. లోతైన నల్లరేగడిలో కాంటూరు గట్టు వేస్తే ఎండాకాలం నెర్రెలిచ్చి తెగుతుంది, వానాకాలం నీళ్లు నిలిచి పంట కుళ్లుతుంది. అక్కడ కొంచెం వాలు ఇచ్చి మిగులు నీటిని బయటికి పంపే గట్లు కావాలి. సరిగ్గా కాంటూరు మీదే గట్టు వేస్తే పొలం వంకర ముక్కలవుతుంది, నాగలి తిరగదు, రైతు రెండో ఏడాదే దున్నేస్తాడు. పుస్తకాల్లో లేకపోయినా మన రైతులు ఒప్పుకునేది పొలం హద్దు మీద గట్టు, పల్లపు మూలలో రాళ్లు పేర్చిన నీటి దారి. పుస్తకంలో సరిగ్గా ఉన్న గట్టు దున్నేసిన తర్వాత ఎవరికీ పనికిరాదు కాబట్టి హద్దు గట్టునే ప్లానులో పెట్టండి.

క్రమం మాత్రం పైనుంచి కిందికే: ముందు గుట్ట మీద కందకాలు, రాతికట్టలు, తర్వాత చెలకల్లో గట్లు, ఫారం పాండ్లు (పొలంలో తవ్వే నీటి గుంటలు), చిట్టచివర వాగు మీద చెక్‌డ్యాం, ఊటకుంట. కాంట్రాక్టు ఇష్టపడేవాళ్లు చివరి పనితో మొదలుపెట్టమంటారు. పైన కోత ఆపకుండా కింద కట్టిన చెక్‌డ్యాం మట్టితో నిండిపోతుంది.

ఉమ్మడి రాష్ట్ర ఇంజినీరు టి. హనుమంతరావు ప్రతిపాదించిన చతుర్విధ జల ప్రక్రియ సారం కూడా ఇదే: వాన నీరు, నేలలో తేమ, భూగర్భ జలం, ఉపరితల జలం నాలుగింటినీ ఒకే లెక్కలో చూడడం. 1994లో వాటర్‌షెడ్ మార్గదర్శకాలకి దారి వేసిన కమిటీ అధ్యక్షుడు సీహెచ్ హనుమంతరావు ఆర్థికవేత్త, ఆయన వేరు. రిపోర్టు ముందుమాటలో ఇద్దర్నీ ఒకరు చేయకండి.

నీటి లెక్క

ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే పది ఘనపు మీటర్లు, అంటే పదివేల లీటర్లు. వెయ్యి హెక్టార్ల వాటర్‌షెడ్‌లో ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడితే 60 లక్షల ఘనపు మీటర్లు. అందులో పదో వంతు వాగులోకి పారుతుందనుకుంటే ఆరు లక్షలు. ఇప్పటికే ఉన్న కుంటలు, చెక్‌డ్యాంలు ఎంత పట్టుకుంటున్నాయో తీసేసి, కింది చెరువుకి వదలాల్సింది తీసేస్తే, మీరు నిలపగలిగేది మిగులుతుంది. మీ కట్టడాలన్నీ కలిపి అంతకు మించి నిల్వ చూపిస్తే ప్లాను తప్పు.

వాన లెక్కలు మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం నుంచి తీసుకోండి, జిల్లా సగటు వద్దు. నీటిమట్టం భూగర్భ జల శాఖ పీజోమీటరు (మట్టం కొలవడానికే వేసిన బోరు) రికార్డుల్లో నెలవారీగా ఉంటుంది. పదిహేను ఇరవై బోర్లని ఎంచుకుని ఊరివాళ్లతోనే నెలకోసారి కొలిపించడం మొదలుపెట్టండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే భూగర్భ జలాల ప్రాజెక్టులో రైతులే బోర్లు కొలిచి, రబీకి ముందు ఏ పంటకెంత నీళ్లో లెక్క వేసుకున్నారు. గ్రానైటు రాతి నేలలో నీళ్లు పట్టే చోటు చాలా తక్కువ, అందాజుగా రెండు శాతం అనుకుంటే, వెయ్యి హెక్టార్లలో నీటిమట్టం ఒక మీటరు పెరగడానికి రెండు లక్షల ఘనపు మీటర్లు ఇంకాలి. ఈ లెక్క వేసుకుంటే "భూగర్భ జలాలు పది మీటర్లు పెరుగుతాయి" లాంటి వాక్యాలు మీ కలం నుంచి రావు. దాంతోపాటు ఒప్పందంగా మరొకటి రాయాలి: కొత్తగా ఇంకిన నీటి మీద కొత్త బోర్లు వేయకుండా ఊరు ఏం చేస్తుంది? దీనికి జవాబు లేకపోతే ప్రాజెక్టు ముగిసిన రెండేళ్లకి నీళ్లన్నీ వరిలో కలిసిపోతాయి.

ఎస్టిమేటు, బడ్జెట్

ఆ ఏడాది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనుల రేట్ల పట్టిక) రేట్లు వాడండి. నేల రకం నిజాయితీగా రాయండి. మెత్త నేలని గట్టి మొరం అని రాస్తే కొలతల రోజు బయటపడుతుంది. ఎక్కువగా కనిపించే తప్పు ఫారం పాండులో: పైన 10 మీటర్లు, 10 మీటర్లు, లోతు 2.5 మీటర్లు కాబట్టి 250 ఘనపు మీటర్లు అని రాసేస్తారు. పక్కలు ఒకటికి ఒకటి వాలుతో తవ్వితే అడుగున 5 మీటర్లు, 5 మీటర్లే మిగులుతుంది, ఘనపరిమాణం సుమారు 146. నిల్వ లెక్కా తప్పుతుంది, బిల్లూ తప్పుతుంది. కందకాలకి లెక్క తేలిక: 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు అంటే ఒక ఘనపు మీటరు, వెయ్యి లీటర్లు.

"జేసీబీ పెడితే రెండు రోజుల్లో అయిపోతుంది కదా" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. ఫారం పాండుకి సరే. గట్లకి, కందకాలకి మాత్రం కూలీలతోనే చేయించండి, లేకపోతే ఊరి వాటా లెక్క కూలిపోతుంది, భూమిలేనివాళ్లకి మిగిలేది ఏమీ ఉండదు. ఉపాధి హామీ పనులతో కలపాలనుకుంటే ఏ పని ఏ నిధిలోదో సర్వే నంబరు వారీగా విడగొట్టి చూపండి.

భూమిలేని కుటుంబాలకి జీవనోపాధి, శిక్షణ, పర్యవేక్షణ, ఖాతాల నిర్వహణ ఖర్చులు అడగడానికి మొహమాటపడకండి. అవి లేకుండా చవకగా చేస్తామని రాసే సంస్థ మధ్యలో చతికిలబడుతుందని పరిశీలించేవాళ్లకి తెలుసు.

దరఖాస్తు రాయడం, పరిశీలన బృందం రావడం

ఇంతదాకా చేశాక రాయడం నాలుగు రోజుల పని. ఇచ్చిన ఫార్మాట్ శీర్షికలు మార్చకండి. మొదటి పేజీలో ఊరి పేరు, వాగు పేరు, విస్తీర్ణం, కుటుంబాల సంఖ్య, అడుగుతున్న మొత్తం, ఊరి వాటా. సమస్యని ఒక పేజీ మించి వర్ణించవద్దు, కరువు గురించి నాబార్డుకి కొత్తగా చెప్పేదేమీ లేదు. మ్యాపులు మూడు చాలు: ఇప్పటి నేల వాడకం, ప్రతిపాదిత పనులు, భూ యాజమాన్యం. నెట్ ప్లానింగ్ షీట్ల సారాంశం పట్టికగా, అసలు షీట్లు అనుబంధంగా. ఒప్పుకోని రైతుల జాబితా దాచకుండా పెట్టండి. వెయ్యి హెక్టార్లలో అందరూ ఒప్పుకున్నారంటే ఎవరూ నమ్మరు.

ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే ఇవ్వండి, కానీ తెలుగు ప్రతి ఒకటి పంచాయతీ ఆఫీసులో పెట్టండి. తమ పొలంలో ఏం రాశారో రైతు చదువుకోగలగాలి.

పరిశీలన బృందం వచ్చిన రోజు మీరు వెనక నిలబడండి. కమిటీ సభ్యులే రిడ్జి మీదికి తీసుకెళ్లాలి, రైతే తన గట్టు గురించి చెప్పాలి. వాళ్లు యాదృచ్ఛికంగా ఒక సర్వే నంబరు ఎంచి షీటుతో పోల్చి చూస్తారు. అందుకే ఆ షీట్లలో ఒక్కటి కూడా కూర్చుని నింపింది ఉండకూడదు. సన్మానాలు, శాలువాలు, భోజనాల హడావుడి వద్దు, పొలంలో గడిపే సమయం తగ్గిపోతుంది.

ప్రశ్నలు రాసి పంపితే అది తిరస్కారం కాదు. ఒక్కో ప్రశ్నకి విడిగా, నంబరు వేసి, ఇచ్చిన గడువులో జవాబు పంపండి. మంజూరు రాకపోతే డీడీఎంని కలిసి ఏది లోపమో అడిగి తెలుసుకోండి. అదే ప్లానుతో మరో ఏడాది వెళ్లవచ్చు, నెట్ ప్లానింగ్ పని వృథా కాదు.

మంజూరు తర్వాత

డబ్బు విడతలుగా వస్తుంది. ముందు విడత వినియోగ పత్రం, కొలతల పుస్తకం, ఫొటోలు సరిగ్గా ఉంటేనే తర్వాతది. కూలీ డబ్బు ఆలస్యమైతే జనం రెండో వారం రారు కాబట్టి కొలతలు వారం వారం పూర్తి చేయించండి. ప్రతి కట్టడానికీ జీపీఎస్‌తో మూడు ఫొటోలు ఉంచుకోండి: పనికి ముందు, మధ్యలో, అయ్యాక, ఒకే కోణంలో.

ఊరి వాటాలోంచి నిర్వహణ నిధికి వెళ్లే డబ్బుని మొదటి విడతనుంచే వేరే ఖాతాలో జమ చేయండి. ఆ ఖాతాకి అమలు సంస్థ సంతకం కాకుండా కమిటీ సభ్యులిద్దరి సంతకాలు ఉండేలా తీర్మానం చేసి, ఏడాదికోసారి గ్రామసభలో ఆ పాసుబుక్కు చదివి వినిపించాలని అందులోనే రాయించుకోండి.